గోడ తిన్న మట్టి

పొద్దున చాయ్ గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టి కళ్లజోడు వెతుక్కుంటున్నాను. గ్లాసులో చాయ్ వణికింది. వంటింట్లో గిన్నెలు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. ఆ తర్వాతే కాళ్ల కింద నేల కదిలిందని తెలిసింది. మహబూబాబాద్‌ను మేమింకా మానుకోట అనే అంటాం. ఆ మానుకోటలో మా వీధి వీధంతా రోడ్డు మీదికొచ్చి నిలబడింది. నోట్లో పేస్టు నురగతో మగవాళ్లు, నైటీల మీద తువ్వాళ్లు కప్పుకుని ఆడవాళ్లు. ఎదురింటాయన మాత్రం పెళ్లాం కంటే ముందు కొత్త కారును బయటికి తీశాడు. ఆ ఇంట్లో ఇవాళ వంట ఉండదనుకున్నాను.

కాసేపటికి అందరం ఎవరి గోడలు వాళ్లు చూసుకోవడానికి లోపలికి పోయాం. మా వంటింటి తలుపు పైన వెంట్రుకంత నెర్రె కనిపించింది. మొన్న రంగులేసినవాళ్లు వదిలిపోయిన లప్పం డబ్బా అటక మీద ఉంది. స్టూలేసుకుని దాన్ని దింపుతుండగా ఫోను మోగింది. డోర్నకల్ నుంచి మా చెల్లెలు, అంటే మా బాపు తమ్ముడు చిన్నబాపు కూతురు. నేను బతికున్నానా లేదా అని అడగలేదు.

"అక్కా, గోడలు చూసినవా?"

"చూసిన. వంటింటి దర్వాజ మీద సన్నగ నెర్రిచ్చింది. లప్పం ఉన్నది, పెడుతున్న."

"ముట్టకు!" అని అరిచింది. "నేనొచ్చి చూసేదాక దాన్ని ముట్టకు. నాయినమ్మ బుద్ధులే అచ్చినయి నీకు."

ఆ గోడ సంగతి జరిగినప్పుడు తను ఇంకా ఉయ్యాలలో ఉంది. ఆమెకు తెలిసిందంతా విన్నది. చూసినదాన్ని నేను. డబ్బా ఒళ్లో పెట్టుకుని స్టూలు మీదే కూర్చుండిపోయాను.

మా ఊరు నర్సింహులపేట వైపు. ఇల్లు మట్టిగోడలది, పైన గూనపెంకులు. మధ్యలో, దొడ్డి గోడకు ఆనుకుని, చీకటి అర్ర ఒకటి ఉండేది. ధాన్యం గుమ్మి, చింతపండు కుండలు, పండగ గిన్నెలు అందులోనే. ఆ ఏడు వాటన్నిటినీ పక్కకు జరిపి నులకమంచం వేశారు. చిన్నమ్మను బాలెంతగా అక్కడ పడుకోబెట్టారు. గుమ్మానికి వేపమండలు, దిండు కింద కొడవలి, మంచం కింద కుంపటి. వాము పొగ, ఎల్లిపాయ కారం, బెల్లంలో దంచిన శొంఠి, పసిపిల్ల ఒంటి ఆముదం, అన్నీ కలిసిన ఆ అర్ర వాసన ఇప్పటికీ ఏ దవాఖానలో పసిబిడ్డను చూసినా నాకు ముక్కుకు తగులుతుంది.

నేను ఆ అర్ర చుట్టే తిరిగేదాన్ని. పిల్ల మీద ప్రేమ కొంత. చిన్నమ్మ కోసం చేసిన శొంఠి ఉండల మీద ప్రేమ ఇంకొంత. నాయినమ్మ వాటిని గుమ్మి వెనక దాచేది. నేను కనిపెట్టేదాన్ని. ఒకసారి నోట్లో ఉండ పెట్టుకుని దొరికిపోతే, నాకు కూడా కాన్పయిందా అని అడిగి ఇల్లంతా నవ్వించింది.

నవ్వేదే గానీ, ఆ గడప దగ్గర మాత్రం ఆమె రాక్షసి. చిన్నమ్మకు అంతకుముందు ఇద్దరు పిల్లలు పుట్టి పోయారు. ఆ రెండు కాన్పులూ లింగాల ఘనపూర్ వైపు పుట్టింట్లో జరిగాయి. మొదటి పిల్ల పురిట్లోనే పోయింది. రెండోసారి పిల్లాడు పుట్టాడని తెలియగానే, తొందరగా చూపించమని కబురు పెట్టింది నాయినమ్మే. పురుడు, అంటే మైల తీరే స్నానాల తంతు, కాకముందే పసిగుడ్డును బస్సులో తెచ్చారు. వచ్చిన వారంలోనే జ్వరమొచ్చి పోయాడు. గాలి సోకింది అన్నారు. నిందంతా తన మీదే వేసుకుంది నాయినమ్మ. అందుకే మూడో కాన్పు తన కళ్ల ముందే కావాలంది, పురుడు అయ్యేదాకా తల్లీబిడ్డా గడప దాటొద్దంది. ఆ మాటకు ఎదురు చెప్పే మనిషి మా ఇంట్లో లేడు.

పురుడు ఇంకా వారం ఉందనగా భూమి కదిలింది.

వాకిట్లో గచ్చకాయలాడుతున్నాను. ముందు కోళ్లు అరిచాయి. దూడ తలుగు తెంపుకుంది. పెంకులన్నీ ఒక్కసారిగా కదిలిన చప్పుడు, ఎవరో ఇంటి మీద బండి తోలినట్టు. అమ్మ నన్ను రెక్క పట్టి వీధిలోకి లాగింది. పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్న బాపు చెంబు పారేసి బయటికి దూకాడు. అందరూ బయటికి పరుగెత్తుతుంటే నాయినమ్మ ఒక్కతే వాకిట్లోంచి లోపలికి పరుగెత్తింది. కదలడం ఆగాక చూస్తే, బాలెంత అర్ర గడప మీద రెండు చేతులు అడ్డం పెట్టి నిలబడి ఉంది. లోపల చిన్నమ్మ పిల్లను రొమ్ముకు అదుముకుని ఏడుస్తోంది.

"బయటికి రానియ్యి అవ్వా, ఇల్లు కూలుతది!" అన్నాడు బాపు.

"కూలలే కదా. లోపలనే ఉండనియ్యి. బయట గాలున్నది."

ఆ రోజు ఊరంతా చెట్ల కింద వండుకుంది. మళ్లా కదులుతదట అని రేడియో విన్నవాళ్లు అన్నారు. రేడియో విననివాళ్లు ఇంకా గట్టిగా అన్నారు. మేము కూడా వాకిట్లోనే పడుకున్నాం. లోపల తల్లీబిడ్డా, వాళ్లకు కాపలాగా గడపకు అడ్డంగా నాయినమ్మ.

తెల్లారేసరికి నాయినమ్మ నన్ను లేపింది. నోటి మీద వేలు పెట్టి, కుండతో నీళ్లు తెమ్మంది. ఆమె అప్పటికే ఎర్రమట్టి, పేడ, వరిపొట్టు కలిపి కాళ్లతో తొక్కుతోంది. మా వైపు ఆడవాళ్లకు గోడ మీద నెర్రె కనబడితే చేతులు ఊరుకోవు. వాన వెలిసినా, పండగ దగ్గరపడినా, చుట్టం వస్తున్నా, మొదటి పని మట్టి ముద్దే. అందుకే ఆమె కలుపుతుంటే నాకేమీ తేడాగా అనిపించలేదు. తేడా గోడ దగ్గర తెలిసింది.

బాలెంత అర్రకు వెనక గోడ ఒకటి ఉంది. ఇంటి దూలం ఒక కొస దాని మీదే ఆనేది, పిల్ల ఉయ్యాల ఆ దూలానికే కట్టారు. ఆ గోడలో, దూలం కింది నుంచి కిందికి నెర్రె దిగింది. పైకి చూస్తే పెద్దదేం కాదు. చిన్నమ్మ మంచి నిద్రలో ఉంది. నాయినమ్మ ముద్ద తీసి అందులో అదిమింది. ముద్ద లోపలికి పోయింది. ఇంకో ముద్ద అదిమింది. అదీ పోయింది. గోడ మింగుతూనే ఉంది. నేను తెచ్చిన మట్టి గంప సగమైంది.

"గోడ ఎంత మట్టి తింటది నాయినమ్మా!" అన్నాను గమ్మత్తుగా.

ఆమె నవ్వలేదు. గోడ వైపు కాసేపు చూసింది. తర్వాత గడ్డిపోచలు ఉండ చుట్టి లోపలికి దోపి, దాని మీద మట్టి మెత్తింది. మొత్తం గోడంతా, లోపలా దొడ్డి వైపూ, మంచిగున్న చోట్ల కూడా, పైనుంచి కింది దాకా ఒకటే పూత పూసింది. కిందికి ఎర్రటి జాజు పట్టీ కూడా తీర్చింది. పని అయ్యాక చేతులు కడుక్కోకుండానే గుమ్మి వెనక నుంచి శొంఠి ఉండ తీసి నా నోట్లో పెట్టింది.

"ఎవ్వలకు చెప్పకు బిడ్డా. నెర్రె అంటే వీళ్లు చిన్నదాన్ని బయటికి గుంజుతరు. గాలి సోకి పిల్ల చస్తది. నీకు చెల్లె కావాల్నా వద్దా?"

కావాలన్నాను. ఉండ కారంగా ఉంది, గొంతులో మండింది. నాకు ఊరికే దొరికిన మొదటి శొంఠి ఉండ అది. అయినా రుచి తెలియలేదు.

మధ్యాహ్నానికి చిన్నబాపు వచ్చాడు. ఆయన భూపాలపల్లి వైపు బొగ్గుబాయిలో పని చేసేవాడు. భూకంపం మాట వినగానే పని మీది నుంచే బయల్దేరాడు, చెవుల వెనక బొగ్గు మసి ఇంకా పోలేదు. పిల్లను గడప అవతలి నుంచే చూశాడు. నాయినమ్మ లోపలికి అడుగు పెట్టనీయలేదు. అప్పుడు ఆయన మూలన ఉన్న ముల్లుగర్ర తీసుకున్నాడు.

"అన్నా, బాయిల మేం దిగంగనే చేసేది గిదే. కర్రతోని కప్పును కొట్టి చూస్తం. ఖణేలుమంటే గట్టిది. డొప్పుమంటే లోపల ఇడిసింది, కింద నిలబడొద్దు."

ముందు వాకిలి గోడ కొట్టాడు. గట్టిగా పలికింది. వంటింటి గోడ కొట్టాడు. పొయ్యి పక్కన ఒకచోట డొప్పుమంది, అక్కడ బాపు బొగ్గుతో గీత గీశాడు. ఒక్కొక్క గోడా వరుసగా కొట్టుకుంటూ ఇంటి వెనక్కి వచ్చారు. వెనకాల నేను. నా వెనక నాయినమ్మ. చిన్నబాపు చెవి గోడకు ఆనించి వెనక గోడను కొట్టాడు. పైన, కింద, నడుమ. ఎక్కడ కొట్టినా ఒకటే మొద్దు చప్పుడు, తడి గోనెసంచిని కొట్టినట్టు.

"గిది పచ్చిగున్నది. ఎప్పుడు పూసినవ్ అవ్వా?"

"పురుటికి పూసిన. మొన్ననే."

నేను నాయినమ్మ వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు. నా నాలుక చివర మాట నిలబడింది. చెబితే చెల్లెలికి గాలి సోకుతుంది. చెప్పకపోతే ఏమవుతుందో నాకు తెలియదు. తెలియనిదాని కంటే తెలిసినదానికే భయపడే వయసు నాది.

చిన్నబాపు ఇంకోసారి కొట్టి విన్నాడు. "అంతట ఒక్కతీరే ఉన్నది. తేడా లేదు. తేడా ఉంటేనే పరేషాన్." కర్ర కింద పెట్టాడు. "మంచిగనే ఉన్నట్టున్నదన్నా. లోపలనే ఉండనియ్యి."

బాపు పెద్దగా ఊపిరి వదిలాడు. అమ్మ పొయ్యి మీద జొన్నరొట్టెలు వేసింది, పచ్చిపులుసు కలిపింది. వాకిట్లో కూర్చుని తిన్నాం. భూకంపం వచ్చాక అందరూ మాటలు కలిపి తిన్న మొదటి తిండి అదే. ఆయన బాయిలో కప్పు కూలిన కథలు చెప్పాడు, అన్నీ పక్కవాడికి జరిగినవే. సాయంత్రం బస్సుకు తిరిగి పోవాలి. నాయినమ్మ ఒక్కతే తినలేదు. రొట్టె ముక్క తుంచి చేతిలోనే నలుపుతూ అర్ర వైపు చూస్తూ కూర్చుంది.

లోపల పిల్ల ఏడ్చింది. నాయినమ్మ లేచి పోయింది, ఆమె కొంగు పట్టుకుని నేను. చిన్నమ్మ అలసి నిద్రపోతోంది. ఉయ్యాలలో పిల్ల నుదుటి మీద, కాటుక బొట్టు పక్కన, సన్నటి ఎర్రమన్ను పడి ఉంది. నాయినమ్మ కొంగుతో తుడిచింది. ఉయ్యాల ఒకసారి ఊపింది. దూలం కిర్రుమంది. పిల్ల నుదుటి మీద మళ్లీ మన్ను పడింది.

మళ్లీ తుడిచింది. ఈసారి ఊపలేదు. ఊపకపోయినా పడింది.

నాయినమ్మ ముఖంలో అప్పుడు చూసిన భయం నేను జీవితంలో మరెవరి ముఖంలోనూ చూడలేదు. ఒక పక్క బస్సులో వచ్చిన పిల్లాడు, ఒక పక్క ఈ పిల్ల. ఏ పక్కకు అడుగు వేసినా తన చేతులతోనే చంపినట్టవుతుంది. నేను ఏడవడం మొదలుపెట్టాను. నా ఏడుపు ఆమెను కదిలించిందో, పిల్ల కళ్లలో పడబోయిన మన్ను కదిలించిందో తెలియదు. వెనక్కి తిరిగి గోడ దగ్గరికి పోయి తను పొద్దున పూసిన పూతలో ఐదు వేళ్లూ గుచ్చింది. పచ్చిమట్టి పెళ్లలుగా ఊడింది. గడ్డి ఉండను పట్టి లాగింది. వెనకాల మట్టి జారి గోడ అవతలికి పడింది. ఆ సందులో ఆమె చేయి మణికట్టు దాకా పోయింది. చేయి తీయగానే బయటి వెలుగు సన్నగా వచ్చి మంచం మీద పడింది. దొడ్లోని మునగచెట్టు కనబడింది.

"కొడుకా!" అని కేకేసింది. "గోడ నన్ను మోసం చెయ్యలే, నేనే మిమ్ముల మోసం చేసిన. ఇట్ల రాండ్రి!"

చిన్నబాపు వచ్చి ఆ సందులో చేయి పెట్టి చూశాడు. తన కర్ర చప్పుడు నమ్మి కూతురిని దీని కిందే వదిలిపోబోయాడు. బాపు మాత్రం కోపంతో ఊగిపోయాడు.

"ఇంక గాలీ లేదు, మైలా లేదు! తియ్యి పిల్లను!"

"తీస్త. నువ్వు ముట్టకు. నేను తీసే తీరు వేరే." నాయినమ్మ గొంతు ఒక్కసారిగా నిమ్మళమైంది. "చాట తే పోవే" అంది నాతో.

మా వైపు ఒక ఆచారముంది. పిల్లలు పుట్టి పుట్టి పోతున్న ఇంట్లో పుట్టినదాన్ని చాటలో పెట్టి పెంటకుప్ప మీద వదిలేస్తారు. ఎవరో దారిన పోయేవాళ్లు ఎత్తుకుంటారు. తర్వాత చాటెడు తవుడు ఇచ్చి వాళ్ల దగ్గర కొనుక్కుంటారు. మనది కాని పిల్ల మీద చావుకు కన్నుండదని నమ్మకం. మామూలుగా ఇది పురుడయ్యాక, చుట్టాల మధ్య నవ్వుతూ చేసే తంతు.

నాయినమ్మ ఉయ్యాలలోంచి పిల్లను తీసి, చాటలో పాత చీర పరిచి పడుకోబెట్టింది. గడప దాటింది. ఆమె ఏ రోజూ ఎవరినీ దాటనివ్వని గడప. తిన్నగా దొడ్లోకి పోయి పెంటకుప్ప మీద చాట పెట్టి, వెనక్కి చూడకుండా నాలుగడుగులు వచ్చి నిలబడింది.

దొడ్డి కంచె పక్కనే లంబాడా ఆమె మక్కచేను ఉండేది. తండా నుంచి రోజూ వచ్చేది, నాయినమ్మతో సోపతి. ఆ ఏడే పెళ్లయి వచ్చిన పిల్ల ఆమె, చేతుల నిండా తెల్లగాజులు. అరుపులు విని కంచె దగ్గరికి వచ్చి నిలబడింది.

"బిడ్డా, గాడ ఏదో పడేసిన్రు, చూడు" అంది నాయినమ్మ.

ఆమెకు అర్థమైంది. వాళ్లలోనూ ఏదో ఇలాంటిదే ఉందేమో. కంచె దూరి వచ్చి చాటతో సహా పిల్లను ఎత్తుకుంది. "పిల్ల దొరికిందవ్వా నాకు. గిప్పటి సంది నాది" అని గట్టిగా, ఊరంతా వినేలా అంది. ఆ మాటకు నాయినమ్మ కూలబడి ఏడ్చింది. ఆ వెంటనే కళ్లు తుడుచుకుని అర్రలోకి కేకేసింది.

"లెవ్వే పిల్లా! గామె బిడ్డకు పాలియ్యను మనిషి కావాల్నట. పాలిచ్చుడుకు పొయ్యే మనిషికి పురుడేంది, గడపేంది? నడువు!"

అంత భయంలోనూ చిన్నబాపు నవ్వాడు. చిన్నమ్మ చెవులకు గుడ్డ కట్టుకుని, చెమటలు కక్కుతూ, ఆయన భుజం పట్టుకుని నడిచింది. మక్కచేనులో కట్టెలు, గడ్డితో వేసిన కావలి గుడిసె ఉంది. కూలినా దెబ్బ తగలని ఇల్లు అది. లంబాడా ఆమె కుంపటి రాజేసింది. నాయినమ్మ వేపమండలు తెచ్చి ఆ గుడిసె గుమ్మానికీ కట్టింది.

మర్నాడు బాపూ, చిన్నబాపూ వెనక వైపు పెంకులు దించారు. దూలానికి కింద నుంచి ఊతకర్రలు పెట్టారు. గోడను మెల్లగా దించుదామని చిన్నబాపు గడ్డపార ఆనించాడంతే. గోడ దానంతట అదే లోపలికి ఒరిగింది. నులకమంచం కాళ్లు నాలుగూ విరిగాయి. నాయినమ్మ ఆ మట్టికుప్ప దగ్గర కూర్చుని తను పూసిన జాజు పట్టీ ముక్క ఒకటి తీసి చూసుకుంది. అన్నం వేళయినా లేవలేదు.

గాలి సోకలేదు. చెల్లెలు ఆ గుడిసెలో బొద్దుగా అయ్యింది. పురుడు అక్కడే చేశారు. పెంటలో దొరికిన ఆడపిల్లకు మా వైపు ఏ పేరు పెడతారో అదే పెట్టారు. ఇక్కడ రాస్తే నన్ను బతకనివ్వదు. బడిలో వేరే పేరు రాయించుకుంది. గోడ కట్టాక తల్లీబిడ్డా ఇంటికి వచ్చారు గానీ, తవుడు ఇచ్చి కొనుక్కునే తంతు మాత్రం నాయినమ్మ జరగనివ్వలేదు. పంటకు పంటకు లంబాడా ఆమె వచ్చి, "నా పిల్లను ఎప్పుడు కొంటవవ్వా?" అని అడిగేది. "తవుడు ఇంకా పట్టియ్యలే, ఉండు" అనేది నాయినమ్మ. మిల్లు ఊళ్లోనే ఉంది. కొంటే మళ్లీ మనది అవుతుందని, మనది అయితే దేని కన్నో పడుతుందని ఆమె భయం. పోయేదాకా కొనలేదు. నాయినమ్మ పోయాక ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. చెల్లెలు ఆమెను యాడి అంటుంది. అంటే వాళ్ల భాషలో అమ్మ.

ఆ తర్వాత నాయినమ్మ గోడలు పూయడం మానలేదు. కానీ ఎక్కడ నెర్రె కనిపించినా ముందు ఎవరో ఒకరిని పిలిచేది. ఎవరూ లేకపోతే దారిన పోయేవాళ్లను. "ఇట్ల రా నాయినా, గిది చూడు. చూసినవు కదా? ఇగ పూస్త" అనేది. అందరూ ముసలామెకు చాదస్తం అనుకున్నారు. నాకు మాత్రం ఆమె అలా పిలిచిన ప్రతిసారీ శొంఠి ఉండ గొంతులో మండినట్టుండేది.

చెల్లెలు మళ్లీ ఫోన్ చేసింది. బస్సు చప్పుడు వినిపిస్తోంది.

"బయలెల్లిన అక్కా. కానీ ముందు తండాకు పోతున్న. యాడి గోడలు చూసి, ఆడికెళ్లి నీ తాన్కి వస్త. జర లేటయితది."

నాకు కొంచెం కడుపు మండింది. సొంత అక్కలాంటిదాన్ని, మానుకోటలో ఒక్కదాన్నే ఉన్నాను. తండాలో ఉన్న ముసలామె ముందా అని నోటిదాకా వచ్చింది.

"ఆమెకు సర్కారు ఇల్లు వచ్చింది కదనే. స్లాబుదే కదా?" అన్నాను.

"స్లాబుదైతేంది? మొన్ననే సున్నమేయించుకున్నదట." "ఆమె పిల్లను నేను అక్కా. ఇంకా ఎవ్వలు కొనలే."

లప్పం డబ్బా మూత గట్టిగా నొక్కి, అటక మీద పెట్టేశాను. వీధిలో ఎదురింటాయన కారు తుడుస్తున్నాడు. తలుపు తీసి ఆయన్ను పిలిచాను.

"ఇట్ల రా నాయినా, జర మా వంటింట్ల గోడ చూసి పో."